ముందు తల్లిని అడగాలి

ఆ నెల రిపోర్టులో పులివెందుల వైపు బాలింతలందరూ బాగున్నారు. దిగులుగా ఉందన్నవాళ్లు ఒక్కరూ లేరు. నిద్ర పట్టడం లేదన్నవాళ్లు లేరు. ఊరికే ఏడుపొస్తోందన్నవాళ్లు లేరు. ప్రొద్దుటూరులో మా ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని ఆ వరసను పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాను. ప్రతి పేరు పక్కనా పచ్చ గుర్తే.

"చూడండి మేడం, పులివెందులోళ్లు మనకంటే బాగా చేస్తాండారు" అంది పక్క సీట్లోని అమ్మాయి.

అంతమంది బాలింతల్లో ఒక్కరికైనా దిగులు లేకుండా ఉండదని నాకు తెలుసు. 

నాది జమ్మలమడుగు. మా అమ్మ అక్కడి మిషన్ బడిలో టీచరు. నేను నర్సు చదువు చదివి పల్లెల్లో ఎ.ఎన్.ఎం.గా చాలా ఏళ్లు పనిచేశాను. గర్భిణులకు సూదులు వేశాను, కాన్పులు చేశాను, పుట్టిన బిడ్డల్ని తూచాను. కానీ కాన్పయిన ఆడమనిషిని "నువ్వెట్లున్నావమ్మా?" అని నిలబడి అడిగిన గుర్తు లేదు. జ్వరముందా, రక్తం పోతోందా, పాలు పడుతున్నాయా, ఇవే అడిగేదాన్ని. ప్రొద్దుటూరులో కొన్ని వీధుల్లోనూ, చాపాడు పక్క పల్లెల్లోనూ ఒక కొత్త కార్యక్రమాన్ని పరీక్షగా మొదలుపెట్టినప్పుడు అందులో చేరాను. అడగడం అక్కడే నేర్చుకున్నాను.

కార్యక్రమం వినడానికి చాలా చిన్నది. కాన్పయిన తల్లి ఇంటికి, అదే వీధిలో ఉండే, తానూ బిడ్డల్ని కని పెంచిన ఒక ఆడమనిషి వారం వారం వెళ్లి కూర్చోవాలి. మందులివ్వదు. నీతులు చెప్పదు. అడుగుతుంది, వింటుంది. ఆ వారంలో తల్లి తనకోసం చేసుకోగలిగిన ఒక చిన్న పనిని ఇద్దరూ కలిసి అనుకుంటారు. తల దువ్వుకోవడమో, పొద్దున కాసేపు ఎండలో కూర్చోవడమో, పుట్టింటికి ఫోను చేయడమో. తర్వాతి వారం అది జరిగిందా లేదా అని మాట్లాడుకుంటారు. ఇంట్లో ఒకరిని తల్లికి అండగా కూడగడతారు. అంతే. మాకు ఒక్కటే గట్టి నియమం ఉండేది. ఇంట్లోకి అడుగుపెట్టగానే బిడ్డను ఎత్తుకోకూడదు, ముద్దు చేయకూడదు. ముందు తల్లిని అడగాలి.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి గుమాస్తా భార్య నాలుగు వారాలు తన ఇంటికి వెళ్లే మా మనిషితో "బాగుండా" తప్ప వేరే మాట అనలేదు. ఐదో వారం మా మనిషి ఏమీ అడగకుండా ఆమె ముందున్న తెల్లగడ్డలు తీసుకుని వెల్లుల్లి రెబ్బలు ఒలవడం మొదలుపెట్టింది. సగం ఒలిచేసరికి ఆమె తల ఎత్తకుండానే, "అక్కా, వీడి మీద నాకు ప్రేమ రావడం ల్యా. నేను మనిషినేనా?" అందట. ఆ మాట బయటికి రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆమె తేరుకోవడానికి ఎండాకాలమంతా పట్టింది. కానీ తేరుకుంది. అలాంటి ఇళ్లు చాలా చూశాం. పెద్ద డాక్టర్లు వచ్చి, మేము వెళ్లిన ఇళ్లనూ వెళ్లని ఇళ్లనూ పోల్చి చూసి, ఇది పనిచేస్తోందని తేల్చారు. ఇకమీదట దీన్ని పరీక్షగా కాకుండా ఊరూరా ఆశా కార్యకర్తల రోజువారీ పనిలో కలపాలని నిర్ణయమైంది. ముందు పులివెందుల, ఆ తర్వాత జమ్మలమడుగు. ఆ రోజు ఆఫీసులో మైసూరుపాకు పంచుకున్నాం. సొంత ఊరికి ఒక మంచి పని తీసుకుపోతున్నానని నాకు కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

తర్వాతి వారమే మా ప్రోగ్రాం ఆఫీసరు నన్ను పిలిచారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, చెడ్డవాడు కాదు. పైనుంచి రోజుకు నాలుగు ఫోన్లు వచ్చేవి ఆయనకు.

"ట్రైనింగు ఐదు రోజులు అని రాశారు. ఐదు రోజులు ఎవరిస్తారండీ? వాళ్లకు టీకాలున్నాయి, సర్వేలున్నాయి. ఒక్క రోజులో ముగించండి."

"సార్, ఇది చెప్పి నేర్పేది కాదు. ఒకరు తల్లిగా, ఒకరు ఇంటికొచ్చిన మనిషిగా కూర్చుని మళ్లీ మళ్లీ చేసి చూడాల. మాట రాకపోతే ఊరికే కూర్చోవడం కూడా అలవాటు కావాల."

"పనిచేస్తుందని రుజువైంది కదా? ఇక పంచడమే మిగిలింది. మీరు ఒప్పుకోకపోతే మొత్తం వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. మీ ఇష్టం."

నేను సంతకం పెట్టాను. వాయిదా పడితే మళ్లీ ఎవరూ దాని ఊసెత్తరని భయపడ్డాను. ఏమీ లేకపోవడం కన్నా ఒక్క రోజైనా మేలనుకున్నాను. అప్పుడు అది తెలివైన పనిగానే అనిపించింది.

పులివెందులలో హాలు నిండా ఆడవాళ్లు. ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కపోత. పొద్దున సగం నేను మాట్లాడాను. మధ్యాహ్నమంతా ఫోనులో యాప్ ఎలా వాడాలో చెప్పడానికే సరిపోయింది. బిడ్డ తూకం ఎక్కించాలి, బిడ్డ ఫోటో తీయాలి, అప్పుడే ఆ ఇంటికి వెళ్లినట్టు లెక్క. తల్లి గురించి కిందెక్కడో ఒక్క ప్రశ్న: బాగుంది, బాగా లేదు. "బాగా లేదు" నొక్కితే ఇంకో పెద్ద ఫారం తెరుచుకునేది. అది నింపేదాకా ఆ రోజు మిగతా పని ముందుకు కదలదు. సాయంత్రం అందరూ బస్సుల కోసం సంచులు సర్దుకుంటుండగా వెనక వరస నుంచి ఒకామె లేచి అడిగింది.

"మేడం, ఆయమ్మ ఏడిస్తే మేమేం చేయల్ల?"

"మంచి ప్రశ్న. దాని గురించి తర్వాత వివరంగా చెప్తా" అన్నాను.

ఆ తర్వాత మళ్లీ కలిసింది లేదు. వచ్చింది ఈ రిపోర్టే.

మరుసటి రోజు పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. జాబితాలో తుమ్మలపల్లె అవతల ఒక ఊరిని ఎంచుకున్నాను.  ఆ ఊరి ఆశా కార్యకర్త పేరు ఎదురుగా ఒక్క రోజులోనే బోలెడు ఇళ్లు తిరిగినట్టు ఉంది. ఆటో దిగేసరికి ఆమె ఆశా కార్యకర్తల చీరలో, ఏదో సర్వేకు పోతూ రోడ్డు మీదే ఎదురైంది. యాభైకి దగ్గర పడిన మనిషి, గొర్రెలు మేపే ఇంటి మనిషి, ఎండకు కమిలిన ముఖం. నన్ను చూసి నవ్వలేదు.

"తనిఖీకి వచ్చినారా?"

"తనిఖీకి కాదు. మీతోపాటు ఒక ఇంటికి వద్దామని."

"నాకు తెలుసులే మేడం. అన్నీ పచ్చగా ఉండాయని వచ్చినారు." ఆమె నడక మొదలుపెట్టింది. నేను వెంట నడిచాను. "పొద్దున్నుంచి చుక్కల మందు లిస్టు, దోమల సర్వే, ఇద్దరు గర్భిణోళ్లను స్కానింగుకు పంపిచ్చల్ల. మీ యాప్‌లో 'బాగా లేదు' అని నొక్కితే అర్ధగంట ఆడనే పోతాది. అందుకే నొక్కం. ఎవురూ నొక్కరు. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"నేనెందుకు తీసేస్తానమ్మా."

"ఆ పొద్దు హాల్లో ఏడిస్తే ఏం చేయల్ల అని అడిగింది నేనే. మీరు చెప్పకుండానే పోతిరి."

 క్షమించమని అడగబోయాను. ఆమె వినే తీరికలో లేదు. "ఈ ఇంటికి రాండి. నాకు ఈడనే మనసు పీకుతాండాది. నెల పిల్లోడు. తూకం బాగుండాది, అంతా బాగుండాది. ఆయమ్మ మాత్రం నా మొగం చూడదు. అదేందో నాకు తెల్దు" అంది.

సిమెంటు కట్టడం, ముందు వాకిలి, వాకిట్లో ఒక పక్క నేలలో తవ్వి కట్టిన నీళ్ల సంపు, ఇంకో పక్క గొర్రెల దొడ్డి. అత్త ఎదురొచ్చింది. చాప వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది, ఆ వెంటనే బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టబోయింది. మా నియమం గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆమె ముఖం మాడిపోయింది.

"తర్వాత ఎత్తుకుంటానమ్మా. ముందు మీ కోడలితో మాట్లాడతాను."

కోడలు నడిమింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. తలకు గుడ్డ కట్టుకుంది, చెవుల్లో దూది. పుట్టిల్లు వీరపునాయునిపల్లె వైపని ఆశా కార్యకర్త చెప్పింది. భర్త గనిలో పని, పొద్దుటి షిఫ్టు.

"ఎట్లున్నావమ్మా?" అన్నాను.

"బాగుంది మేడం" అంది అత్త. "మొగబిడ్డ పుట్టె. ఇంకేం కావల్ల?"

"రాత్రిపూట నిద్ర పడుతోందా నీకు?"

"పిల్లోడు లేస్తాంటాడు, యాడ పడతాది? అందరికీ అంతే గదా" అంది అత్త.

"అన్నం తినబుద్దవుతోందా?"

"నేనే కలిపి పెడతాండా. ఒక్క పూట మానిపియ్యలేదు."

 అత్త వచ్చి కోడలికీ నాకూ మధ్యలో కూర్చుంది. నేను ఎటు జరిగితే అటు జరిగింది. ప్రొద్దుటూరులో ఇలాంటప్పుడు ఏం చేసేవాళ్లమో నాకు గుర్తుంది, ముందు అత్తతో రెండు మూడు వారాలు స్నేహం కలుపుకునేవాళ్లం. ఇక్కడ నాకు రెండు మూడు వారాలు లేవు. ఆ అమ్మాయి చూపు నేల మీద ఒక్కచోటే ఉంది. బిడ్డ కెవ్వుమన్నా ఆ చూపు కదల్లేదు. ఎన్నో ఇళ్లు చూసిన నాకు ఆ చూపు నచ్చలేదు.

అప్పుడు ఆశా కార్యకర్త లేచి, "అత్తా, మీ నల్ల గొర్రె కుంటుతాండాదే. గిట్టకు పుండు పడినట్టుండాది. రా, చూస్తాం. ఇప్పుడు చూడకపోతే మందకంతా అంటుకుంటాది" అంది.

అత్త కదిలింది. గొర్రె కుంటుతోందో లేదో నాకు తెలియదు. బిడ్డను చంకనేసుకుని ఆమె దొడ్డి వైపు వెళ్లింది. ఆశా కార్యకర్త వెళ్తూ వెళ్తూ నా వైపు ఒక్కసారి చూసింది.

ఇద్దరమే మిగిలాం. నేను ఇంకా దగ్గరికి జరగలేదు. ప్రశ్న కూడా వేయలేదు. దొడ్డిలో గొర్రెల అరుపు, ఎక్కడో మోటారు శబ్దం. చాలాసేపటికి ఆ అమ్మాయి గొంతు పెగిలింది.

"మేడం, వాన్ని నా చేతికి ఇయ్యొద్దని చెప్పండి."

"ఎందుకమ్మా?"

"నాకు భయంగా ఉండాది."

"దేనికి భయం?"

ఆమె వాకిలి వైపు చూసింది. "నీళ్ల కాడికి పోతే ఏందో చెప్తాంటాది లోపల. వాన్నీ, నన్నూ. నేను చేయను మేడం. నాకు చేయాలని లేదు. కానీ చెప్తానే ఉంటాది."

 ఆ తర్వాత అడగాల్సిన మాట ఏదో మాకు నేర్పించారు, మేమూ నేర్పించాం. దాన్ని సుతిమెత్తగా చుట్టి అడగకూడదు. నేరుగా అడగాలి. ప్రాణం తీసుకోవాలని అనిపిస్తోందా అని అడిగాను. ఆమె తలూపింది. ఎప్పటినుంచి అన్నాను. పురుడు వెళ్లినప్పటి నుంచి అంది. ఇంకెవరికైనా చెప్పావా అంటే, "ఎవురూ అడగలేదు" అంది.

అందులో నన్ను నిష్ఠురమాడింది లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కానీ రిపోర్టులో ఆమె పేరు పక్కన ఆ నెలలో మూడు పచ్చ గుర్తులున్నాయని నాకు తెలుసు.

"ఇది నీ తప్పు కాదమ్మా. జ్వరం వచ్చినట్టే ఇదీ ఒక జబ్బు, కాన్పు తర్వాత కొందరికి వస్తుంది. మందుంది. తగ్గుతుంది. తగ్గేదాకా నిన్ను ఒంటరిగా వదలం" అన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఆశా కార్యకర్త గడపలోకి వచ్చింది. ఆమెను దగ్గరికి పిలిచి రెండు ముక్కల్లో చెప్పాను.  ఆమె వెంటనే వాకిట్లోకి పోయింది. సంపు మూత మీద కూర్చుందామని పోయిందట, ఎవరూ దాన్ని ఎత్తకుండా. అక్కడికి వెళ్లి ఆగిపోయింది. మూత మీద అప్పటికే బట్టలుతికే బండ ఒకటి ఉంది. పెరటి వైపు నుంచి దాన్ని ఈడ్చుకొచ్చిన గాడి నేల మీద కనబడుతోంది.

"అత్తా," అని పిలిచింది ఆమె. "ఈ బండ ఈడెందుకు పెట్టినావు?"

అత్త దొడ్డి గేటు దగ్గరే నిలబడిపోయింది. బిడ్డను ఎదకు అదుముకుంది. అక్కడే మట్టిలో కూలబడింది.

"వారమాయె," అంది. "తెల్లారి లేచి చూస్తే దీని కాడ నిలబడుకోనుండె. పిలిస్తే పలకలేదు. ఎవురికి చెప్పేది? చెప్తే పిచ్చిదంటారు. పుట్టింటికి తోలెయ్యమంటారు. నేనే ఈడ్చుకొచ్చి పెట్టినా. అప్పటినుంచి గడపకు అడ్డం చాపేసుకోని పండుకుంటాండా. నాకు కంటి మీద కునుకు లేదమ్మా."

ఇంతసేపూ మాకు అడ్డు కూర్చున్న మనిషి, అడ్డు కూర్చున్నది కోడలిని కాయడానికి. నేను ఆమెను ఎంత తప్పుగా అంచనా వేశానో ఆ క్షణంలో అర్థమై సిగ్గుపడ్డాను. ఆ ఇంట్లో అందరికంటే ముందు పని మొదలుపెట్టింది ఆమే. అంత పెద్ద బండను ఆ వయసులో ఒక్కతే ఎలా లాగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆఫీసరుకు ఫోను చేశాను. ఆయన మీటింగులో ఉన్నారు. గొంతు తగ్గించి, "యాప్‌లో ఎరుపు పెట్టండి, దానంతట అదే డాక్టరుకు వెళ్తుంది" అన్నారు. 'బాగా లేదు' నొక్కి, ఆ పెద్ద ఫారం నింపి, ఎరుపు పెట్టాను. తెర మీద ఒక ఫోను నంబరు వచ్చింది. చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అప్పుడూ అంతే. పులివెందులలో మానసిక జబ్బుల డాక్టరు వారానికి ఒక్క రోజే వస్తారని, ఆ రోజు అది కాదని ఆశా కార్యకర్త తన ఫోనులో వాకబు చేసి చెప్పింది. ప్రొద్దుటూరులో మా తల్లుల్ని చూసిన డాక్టరమ్మ నంబరు నా దగ్గర ఉంది. ఆమె మొదటి రింగుకే ఎత్తింది. నేను చెప్పింది విని, "ఈ రోజే తీసుకురండి. రేపు కాదు. నేను ఉంటాను" అంది.

భర్త రావాలి. భూమి లోపల ఉన్న మనిషికి ఫోను అందదు. గని గేటు దగ్గర మనిషికి కబురు చెప్పించాం, కానీ షిఫ్టు దిగి బయటికి వచ్చేదాకా చేసేదేమీ లేదు. అతను లేకుండా బయల్దేరదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. "వాడు వచ్చి ఇల్లు ఖాళీగా చూస్తే గుండె పగిలి చస్తాడు" అంది. ఎదురు చూశాం. నేను అమ్మాయి పక్కన, అత్త బిడ్డతో గడపలో. ఆశా కార్యకర్త ఆ బండ మీదే కూర్చుని, ఇంట్లో ఉన్న శనక్కాయల సంచి తెప్పించుకుని ఒలవసాగింది. నడుమ నడుమ ఫోను మోగితే, "దోమల సర్వే ఈ పొద్దు కాదు, రేపు చేస్తా. కోప్పడితే కోప్పడు" అని పెట్టేసింది. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. ఆ మూడు గంటల్లో అమ్మాయి ఒక్కసారి లేచింది, నీళ్లు తాగడానికి. ముగ్గురం ఒకేసారి లేచాం. ఆమె మా ముఖాలు చూసి మళ్లీ కూర్చుంది. చెంబు అత్తే అందించింది.

భర్త రెండున్నర దాటాక బండి మీద వచ్చాడు. బూట్లకు బూడిద రంగు దుమ్ము. వాకిట్లో ఇంతమందిని చూసి, "పిల్లోనికేమైంది?" అని అరిచాడు.

"పిల్లోనికేం కాలేదప్పా. నీ పెండ్లానికి బాగలేదు. ప్రొద్దుటూరు పోవల్ల" అంది ఆశా కార్యకర్త.

అతనికి విషయం చెప్పింది నేనే. వింటూ వింటూ అతను గోడకు చెయ్యి ఆనించాడు. తర్వాత కోపం వచ్చింది. "మొగబిడ్డ పుట్టినాడని ఊరంతా మెచ్చుకునిరి. నేనేం తక్కువ చేసినా? ఇట్లాంటివన్నీ మీరు అడిగి అడిగి మనసులో పెడతారు. లేనిపోనివి."

 ఆ మాటకు ప్రొద్దుటూరులో మేము తయారు చేసుకున్న జవాబొకటుంది. అది అతని ముఖం ముందు పనికొచ్చేలా లేదు. అతని తల్లి లేచి నిలబడింది.

"వాళ్లు పెట్టలేదురా. వారం నుంచి నేను చూస్తాండా. నీకు చెప్పలేదు, అది నా తప్పు. ఇంగ నా వల్ల కాదు. కారు మాట్లాడు. బిన్నె, ఆలస్యం చేయొద్దు."

అతను తల్లిని చూశాడు, సంపు మీది బండను చూశాడు. వెంటనే కారు కోసం వెళ్లాడు.

వేంపల్లె మీదుగా బయల్దేరాం. ముందు సీట్లో భర్త, వెనక మేము ముగ్గురం, అత్త ఒళ్లో బిడ్డ. ఆశా కార్యకర్త ఊళ్లోనే ఉండిపోయింది, ఎవరైనా అడిగితే పిల్లవాడికి టీకా కోసం పోయారని చెప్తానంది. వీరపునాయునిపల్లె రాగానే అమ్మాయి కిటికీ నుంచి ముఖం తిప్పుకుంది. "మా అమ్మకు చెప్పొద్దు" అంది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల మధ్య ఇరుక్కుపోయాం. ముందు లారీ కదలదు, వెనక హారన్లు. డాక్టరమ్మ వెళ్లిపోతుందేమోనని, దారిలో ఉన్నామని ఆమెకు మెసేజి పెట్టాను. అప్పుడు బిడ్డ ఆకలికి ఏడవడం మొదలుపెట్టాడు. అత్త ఊపింది, ఆగలేదు. అమ్మాయి వాడి వైపు చూసి, చాలా మెల్లగా, "నేను పాలిస్తే ఏమన్నా అవుతాదా మేడం?" అంది.

"ఏం కాదు. మేమిద్దరం పట్టుకుని ఉంటాం."

అత్త బిడ్డ తలను పట్టుకుంది, నేను అమ్మాయి మోచేతి కింద చెయ్యి పెట్టాను. వాడు పాలు తాగుతున్నంతసేపూ ఆమె వణికింది. డ్రైవరు అద్దంలోకి చూడకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. భర్త భుజాలు కదలడం నాకు వెనక నుంచి కనబడింది. ఏడుస్తున్నాడని కాసేపటికి తెలిసింది.

డాక్టరమ్మ వెళ్లిపోలేదు. అమ్మాయితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత భర్తనూ అత్తనూ పిలిచి, కొన్నాళ్లు ఆస్పత్రిలోనే ఉండాలని, పక్కన ఒకరు ఎప్పుడూ ఉండాలని, పాలిస్తూనే వాడగలిగిన మందు ఇస్తానని చెప్పింది. "ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే నేను ఇలా ధైర్యంగా చెప్పేదాన్ని కాదు" అని నాతో మాత్రం అంది. అత్త ఆస్పత్రి మంచం పక్కన చాప వేసుకుంది. ఆ పూట ఎవరి కాపలా లేకుండా నిద్రపోయిందని నర్సు తర్వాత చెప్పింది.

తర్వాతి వారం పులివెందులలో సమీక్ష పెట్టారు. ఆశా కార్యకర్తలందరూ వచ్చారు. ఆఫీసరు ఆ నెల పనిని మెచ్చుకుంటూ మొదలుపెట్టారు. నేను లేచాను. అంతమందిలో ఆయన్ని ఎదిరించడం నాకు అలవాటు లేదు.

"సార్, ఈ రిపోర్టు అబద్ధం. దీన్ని వీళ్లు అబద్ధం చేయలేదు. ఐదు రోజుల పనిని ఒక్క రోజుకు కుదించిన కాగితం మీద సంతకం నాది. తల్లి గురించి అడిగితే శిక్ష పడేట్టుగా ఫారం తయారైంటే చూస్తూ ఊరుకున్నది నేను. ప్రొద్దుటూరులో పనిచేసింది ఈ కార్యక్రమం కాదు సార్. మనం దాని పేరొక్కటే ఇక్కడికి తెచ్చినాం."

"ఒక్క కేసు పట్టుకుని మొత్తం పనిని తక్కువ చేయకండి" అన్నారు ఆయన. ముఖం ఎర్రబడింది.

వెనక నుంచి ఆ ఊరి ఆశా కార్యకర్త లేచింది. "ఒక్క కేసు కాదు సార్. నా కాడ ఇంగా ఇద్దరుండారు. అడగల్లంటే భయమై అడగలేదు. అడిగినాక ఏం చేయల్లో చెప్పండి, అడుగుతా." ఆమె కూర్చోకముందే ఇంకొకామె, "నాకాడ ఒకరు" అంది. ఆ తర్వాత ఇంకొకరు. ఒకామె ఏడుస్తూ చెప్పింది, పోయిన ఏడాది తన ఊళ్లో ఒక బాలింత ఎలా ప్రాణం తీసుకుందో.  ఆఫీసరు తన ముందున్న కాగితాలు పక్కకు జరిపి, పెన్ను తీసి, రాసుకోవడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు, అంతే.

కొన్ని మారాయి. అడగగానే తెరుచుకునే ఆ పెద్ద ఫారం తీసేశారు. ఫోటో లేకపోయినా ఆ ఇంటికి వెళ్లినట్టు లెక్కలోకి వచ్చింది. ట్రైనింగు ఐదు రోజులు ఒకేసారి ఇవ్వలేమన్నారు, సరే, వారానికి ఒక పూట చొప్పున వాళ్ల ఊరి దగ్గరే పెట్టుకున్నాం. దానివల్ల మేలే జరిగింది. నేర్చుకున్నది ఆ వారమే చేసి చూసి, కుదరకపోతే మళ్లీ వచ్చి పోట్లాడేవాళ్లు నాతో. ఎరుపు పెడితే ఎత్తే మనిషి కావాలని చాలా తిరిగాం. చివరికి ప్రొద్దుటూరు డాక్టరమ్మే తన నంబరు ఇచ్చింది. అత్తలతో మాట్లాడటానికి మేము రాసుకున్న పాఠాన్ని పులివెందుల ఆడవాళ్లే తిరగరాశారు. మా పాఠంలో అత్త అంటే ఒప్పించాల్సిన మనిషి. వాళ్లు రాసిన దాంట్లో మొదటి ప్రశ్న అత్తకే: "నువ్వేం చూసినావు?"

మారనివి కూడా ఉన్నాయి. దోమల సర్వే అలాగే ఉంది. ఒక్కరే అన్ని ఇళ్లూ తిరుగుతున్న చోట ఇద్దరు మనుషులు కావాలని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. జమ్మలమడుగులో మొదలుపెట్టేటప్పుడు మళ్లీ "ఒక్క రోజులో ముగించండి" అన్నారు, కొత్తగా వచ్చిన ఆఫీసరు. ఈసారి నేను సంతకం పెట్టలేదు. రెండు నెలలు ఆలస్యమైంది. ఆ రెండు నెలల్లో అక్కడ ఏ ఇంట్లో ఏమైందోనన్న దిగులు నన్ను వదల్లేదు. అది సరైన పనేనా అని నన్ను అడిగితే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

ఆ అమ్మాయిని మళ్లీ ఒక్కసారే చూశాను, పులివెందుల బస్టాండులో. బిడ్డ అప్పటికి నడుస్తున్నాడు. చిన్న చెప్పులు, అడుగేస్తే కీచుమనేవి. ఆమె వాడి చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఏదో చెప్తోంది. నేను ఆగలేక రెండడుగులు ముందుకు వేశాను. ఆమె నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆ నవ్వు ఆగిపోయింది. బిడ్డను ఎత్తుకుని, కొంగు సరిచేసుకుని, అటు తిరిగి బస్సెక్కింది. కిటికీ లోంచి కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఆశా కార్యకర్తకు ఫోను చేసి చెప్పాను. నా గొంతులో బాధ ఆమెకు వినబడి ఉంటుంది.

"నీ మీద కోపం కాదులే అక్కా," అంది. అప్పటికి ఆమె నన్ను మేడం అనడం మానేసింది. "నిన్ను చూస్తే ఆయమ్మకు ఆ పొద్దు గుర్తుకొస్తాది. మర్చిపోనీ. నా కాడికైతే వస్తాది, శనక్కాయలు తెస్తాది, గంట సేపు మాట్లాడతాది. మొన్న వాళ్లత్తతో కొట్లాడిందంట, పెద్ద గొడవ. చీర గురించి."

"మరి ఎట్ల?" అన్నాను కంగారుగా.

"ఎట్లేముంది? ఇద్దురూ బాగుండారు" అని ఆమె గట్టిగా నవ్వింది.